పదకొండో గడ

నేను రిటైరైన రోజు సభలో ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ నా చూపునే పొగిడారు. ఈయన కంటపడకుండా ఒక్క సూక్ష్మజీవి కూడా తప్పించుకోలేదన్నారు ఒకరు. మైక్రోస్కోపులో ఈయన చూశాక ఇంకొకరు చూడాల్సిన పని ఉండేది కాదన్నారు ఇంకొకరు. నేను మెడలో బంతిపూల దండతో, తల కొంచెం వంచుకుని, వినయంగా కనిపించడానికి నానా తంటాలు పడుతున్నాను. వెనక వరసలో కూర్చున్న మా ల్యాబు అటెండరమ్మ మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ముందుకు వంగిపోయింది. ఏడుస్తోందనుకుని పక్కనున్నామె వీపు నిమిరింది. ఏడవడం లేదని నాకు తెలుసు. ఆమె పడీపడీ నవ్వుతోంది.

ఆమె ఎందుకు నవ్విందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. కొత్తగా ల్యాబుల్లో చేరుతున్న పిల్లలు ఎవరైనా చదివితే సంతోషం. ఎలా ఉండాలో చెప్పేంత గొప్పవాణ్ని కాను గానీ, ఎలా ఉండకూడదో చెప్పడానికి నాకంటే తగినవాడు ఈ చుట్టుపక్కల దొరకడు.

మాది జహీరాబాద్ మార్కెట్ యార్డు వెనక రెండు గదుల ల్యాబు. చెరకు, అల్లం, ఆలుగడ్డ పండించే రైతులు ఒక సంఘంగా ఏర్పడి పెట్టుకున్నది. విత్తనం కోసం పెంచిన పంటలో రోగం ఉందో లేదో చూసి చెప్పడం మా పని. ముందుగదిలో అటెండరమ్మ నమూనాలు తయారు చేసేది. వెనకగదిలో నేను మైక్రోస్కోపు ముందు కూర్చుని తీర్పు చెప్పేవాణ్ని. ఇరవై తొమ్మిదేళ్లు అదే పని. రైతులు నన్ను డాక్టర్ సాబ్ అనేవాళ్లు. కాదని నేను ఏనాడూ దిద్దలేదు.

చెరకులో గిడసబారు తెగులు అని ఒకటుంది. దాంతో వచ్చిన చిక్కేమిటంటే బయటికి ఏమీ కనబడదు. ఆకు పచ్చగానే ఉంటుంది, గడ నిటారుగానే ఉంటుంది. లోపల నీరు నడిచే సన్నని గొట్టాల్లో సూక్ష్మజీవులు చేరి కూర్చుంటాయి. ఆ గడను ముక్కలు చేసి నాటితే కొత్త తోటంతా అదే రోగంతో పుడుతుంది. ఏటికేడు గడలు పొట్టిగా, సన్నగా అయిపోతుంటే రైతు నేలను తిట్టుకుంటాడు. అందుకే విత్తనం తోటల నుంచి గడలు తెప్పించి, మొదటి కణుపుల రసం తీసి, దానికి ఒక రంగు పట్టించి, నీలి వెలుతురు కింద చూసేవాళ్లం. రోగం ఉంటే చీకట్లో చిన్నచిన్న ఆకుపచ్చ చుక్కలు మెరుస్తాయి. చాలా మసకగా మెరుస్తాయి. మంచి చూపున్నవాళ్లే కళ్లు చిట్లించి చూడాలి.

నాకా, నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి రెండు కళ్లలోనూ శుక్లాలు వచ్చి ఏడాది దాటింది. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో పేపరు చదువుతూ అచ్చు సరిగా వేయడం లేదని ఆ పేపరువాళ్లను తిట్టేవాణ్ని. ల్యాబులో మాత్రం మాట మార్చాను. మనిషి కంటిని ఎన్నాళ్లని నమ్ముతాం, శాస్త్రం ఎంతో ముందుకు పోయింది, మసక వెలుతురును కూడా పట్టుకునే కెమెరాలు వచ్చాయి, మైక్రోస్కోపుకు ఒకటి తగిలించుకుంటే తెర మీద పెద్దగా కనబడుతుందని సంఘం కార్యదర్శి చెవిలో జోరీగలా పోరాను. ఆయన ఒకప్పుడు బడిపంతులు. సైన్సు అంటే ఎంతో గౌరవం. చివరికి ఒప్పుకున్నారు. రెండు కంపెనీల కెమెరాలు కొన్నాళ్ల పాటు వాడి చూడటానికి తెప్పిస్తాం, పక్కపక్కన పెట్టి పోల్చి, ఏది కొనాలో మీరే రాసివ్వండి అన్నారు. ‘మీరే’ అన్న మాటకు నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

మొదట వచ్చిన కెమెరా ఇటుకంత ఉంది. లోపలి చిప్పును చల్లగా ఉంచడానికట, వెనక ఒక చిన్న ఫ్యాను. ఆన్ చేస్తే గుర్రుమని మొదలుపెట్టేది. బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చేది. తెర చూస్తే ఏదో పాత బ్యాంకులో కౌంటరు వెనక కూర్చున్నట్టు ఉండేది. రెండోది అరచేతిలో ఇమిడేంత చిన్నది. చప్పుడు లేదు. బొమ్మ నున్నగా, ఆకుపచ్చగా, కళకళలాడుతూ వచ్చేది. దాన్ని తెచ్చినతను ఉదయం పూట, ఏసీ వేసిన గదిలో, పాత రోగిష్టి స్లైడు ఒకటి పెట్టి చూపించాడు. ఎన్నో నెలల తర్వాత నాకు సూక్ష్మజీవులు స్పష్టంగా కనిపించాయి. కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. శుక్లాల వల్ల అనుకోండి, సంతోషం వల్ల అనుకోండి.

అటెండరమ్మ ఆ రెంటికీ పేర్లు పెట్టింది. మొదటిది గురకది, రెండోది పెండ్లికొడుకు.

ఆమె గురించి ఇక్కడ చెప్పాలి. చిరాగ్‌పల్లి నుంచి రోజూ ఎనిమిదిన్నరకల్లా వచ్చేది. ఆదివారం చర్చిలో ఎంత శ్రద్ధగా పాడుతుందో, మిగతా ఆరు రోజులు స్లైడ్లు అంత శ్రద్ధగా కడిగేది. నాకంటే నాలుగేళ్లు చిన్నది, ఓర్పులో నలభై ఏళ్లు పెద్దది. ల్యాబు మొదలుపెట్టిన పెద్దాయన ఎప్పుడో ఆమెకు ఒక పద్ధతి నేర్పారు. ఎవరి నమూనాలు వచ్చినా, చివర్లో ఒక స్లైడు ఉత్త నీళ్లతో చెయ్యాలి. అదే రంగు, అదే డ్రాపరు, అన్నీ అవే, చెరకు రసం ఒక్కటే ఉండదు. ఆ నీళ్ల స్లైడులో ఏమైనా మెరిస్తే మన సామానులోనే ఏదో మురికి ఉన్నట్టు లెక్క. ఆయన పోయి చాలా ఏళ్లయినా ఆమె ఆ స్లైడు మానలేదు.

కెమెరాలు వచ్చాక నేను మానమన్నాను. రంగు సీసా అయిపోతోంది, టైం లేదు, ఇంత గొప్ప కెమెరా ఉండగా ఇంకా నీళ్లు చూస్తూ కూర్చుంటామా అని విసుక్కున్నాను. ఆమె సరే సార్ అంది. ఆమె సరే అన్నదంటే విన్నదని అర్థం, ఒప్పుకున్నదని కాదు. ఇరవై ఏళ్లు పక్కగదిలో కూర్చుని కూడా ఆ తేడా నాకు తెలియలేదు.

ఇక నేను కెమెరాలను పోల్చిన తీరు వినండి. పెండ్లికొడుక్కు ఒక్కో ఫోటోకు మూడు సెకన్లు ఇచ్చాను. అంటే మూడు సెకన్ల పాటు వెలుతురును తాగి బొమ్మ కడుతుంది. గురకదానికి అర సెకనే ఇచ్చాను. దాని చప్పుడు వింటూ కూర్చోలేక. ఒక పహిల్వానుకు కడుపునిండా పెట్టి, ఇంకొకణ్ని పస్తు ఉంచి, ఇద్దర్నీ కుస్తీకి దింపి, చూశారా ఎవరు గెలిచాడో అన్నట్టుంది నా పరీక్ష. పైగా మార్చి ఎండలు. మధ్యాహ్నమయ్యేసరికి వోల్టేజి పడిపోయి ఏసీ ఆగిపోయేది. దుమ్ము రేగుతుందని ఫ్యాను వేయనిచ్చేవాణ్ని కాదు. నేను చెమటలు కక్కుకుంటూ తెర ముందు కూర్చుంటే, గురకది నాలుగు చుక్కలు చూపించిన చోట పెండ్లికొడుకు నలభై చూపించేది. నాలుగు కంటే నలభై మేలని కార్యదర్శిగారికి వివరించి చెప్పాను. ఆయన నోటుబుక్కులో రాసుకున్నారు. గురకదాన్ని అట్టపెట్టెలో పెట్టి, పైన టేపు కూడా అంటించేశాను.

సరిగ్గా ఆ వారమే ఝరాసంగం వైపు ఒక ఊరి నుంచి పది గడలు వచ్చాయి.

ఆ తోట ఒకావిడది. చుట్టూ జొన్న, కంది వేసే మెట్ట చేలు. మధ్యలో బోరు కింద ఆమెది రెండెకరాల చెరకు. మొగుడికి నడుము పనిచేయదు, సేద్యమంతా ఆమే చూసేది. మొదటిసారి విత్తనం తోట పెట్టుకుంది. అంతకు ముందు సంవత్సరం నేను వాళ్ల ఊరికి పోయి గొప్ప ఉపన్యాసం ఇచ్చి వచ్చాను. చెరకు ముక్కలను యాభై డిగ్రీల వేడినీళ్లలో రెండు గంటలు ఉంచి నాటితే గిడసబారు తెగులు పోతుంది, వేడి తగ్గినా లాభం లేదు, పెరిగితే మొలకే రాదు అని చెప్పాను. విన్నవాళ్లందరూ తలలూపి ఇళ్లకు పోయారు. ఈమె ఒక్కతే మా ల్యాబుకు వచ్చి థర్మామీటరు అడిగి తీసుకుపోయింది. డ్రమ్ము కింద మంట పెట్టి, పొయ్యి దగ్గరే నిలబడి, ముక్కలన్నీ అయ్యేదాకా థర్మామీటరు చూస్తూనే ఉందట. తర్వాత దాన్ని దూదిలో చుట్టి తెచ్చి నా చేతికిచ్చింది. పక్క ఊళ్ల రైతులు నలుగురు ఆ తోట చూసి, విత్తనం నీ దగ్గరే తీసుకుంటామని మాటిచ్చారు. మా రిపోర్టు ఒక్కటే రావాలి.

రిపోర్టు నేనే రాశాను. తన ముందుగది పని ముగించి అటెండరమ్మ స్లైడ్ల ట్రే పెట్టిపోయింది. మధ్యాహ్నం రెండు గంటలకు నేను పెండ్లికొడుకును ఆన్ చేశాను. ఒకటో స్లైడు, చుక్కలు. రెండో స్లైడు, చుక్కలు. వరసగా అన్నిటికీ ఒక్కో ఫోటో తీశాను. ఒక్కటీ బాగా లేదు. తోట నిండా రోగమే. బాధగా తల ఊపుకుంటూ, నాకు మాత్రమే వచ్చిన అందమైన అక్షరాలతో ఇలా రాశాను: పరీక్షించిన పదకొండు గడలలో పదకొండింటికీ గిడసబారు తెగులు ఉన్నది. విత్తనానికి పనికిరాదు.

చదివారు కదా. నేనూ చదివాను, కార్యదర్శిగారూ చదివారు, చదివి సంతకం పెట్టారు. రోగం తేలిన తోటను వెంటనే నరికి గానుగకు పంపాలని సంఘం నియమం. విత్తనం తీసుకుంటామన్న నలుగురికీ ఫోన్లు పోయాయి. గడలు కొట్టే మరాఠీ కూలీల జట్టుకు రోజు కూడా చెప్పేశారు.

నరికే రోజు పొద్దున తొమ్మిదింటికి ఆ రైతావిడ ల్యాబుకు వచ్చింది. అటెండరమ్మ బల్ల తుడుస్తోంది. నేను టీ తాగుతున్నాను. ఏడుస్తుందనో, తిడుతుందనో నేను సిద్ధపడి కూర్చున్నాను. ఓదార్పు మాటలు కూడా మనసులో పేర్చుకున్నాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. పాలిథిన్ కవరులోంచి రిపోర్టు తీసి, మడతలు విప్పి, బల్ల మీద నా ముందు పరిచింది.

“నేను పది గడలే ఇచ్చిన గద సారూ,” అంది. “గీ పదకొండో గడ ఎవలిది?”

నేను కాగితం వైపు చూశాను. పదకొండు అనే ఉంది. నా అక్షరాలే. మీరే పదకొండు ఇచ్చి ఉంటారు అన్నాను. తెల్లారకముందే లేచి చేన్లో ఒక్కో చోట ఒక్కో గడ తానే నరికానని, నరికిన మొదలుకల్లా గుర్తుగా గుడ్డపీలిక కట్టానని, పదే ఇచ్చానని ఆమె చెప్పింది. లెక్క ఎక్కడో తప్పి ఉంటుంది, అది చిన్న విషయం అన్నాను. చిన్న విషయం అన్న మాట నా నోట్లోంచి వచ్చిందని ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

అప్పటిదాకా బల్ల తుడుస్తూనే ఉన్న అటెండరమ్మ చేతిలో గుడ్డ పక్కన పెట్టింది.

“గది గడ కాదు సార్,” అంది. “నీళ్లు.”

 ఆమె మెల్లగా చెప్పుకొచ్చింది. నేను మానమన్నా మానబుద్ధి కాలేదట. నీళ్లు అని రాస్తే నేను తిడతానని, ఊరికే పదకొండు అని నంబరు వేసి ట్రేలో పెట్టిందట. పదకొండో దాంట్లో ఏమీ లేదని నేను అంటే అప్పుడు చెబుదామనుకుందట. ఆ సాయంత్రం చెల్లెలి బిడ్డకు బాగా లేదని ఫోనొస్తే దవాఖానకు పరుగెత్తింది, నాలుగు రోజులు సెలవు పెట్టింది. ఆ పొద్దునే తిరిగి వచ్చింది. రిపోర్టు ఎలా పోయిందో ఆమెకు అప్పుడే తెలిసింది.

అంటే నేను పొద్దున మా ఫిల్టరులో పట్టిన మంచినీళ్లకు గిడసబారు తెగులు ఉందని సంతకం పెట్టి ఇచ్చాను.

రైతావిడకు విషయం అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది.  అర్థమయ్యాక ఆమె గోడ గడియారం వైపు చూసింది. జట్టు చేన్లోనే ఉంది, తాను వచ్చేదాకా కత్తి పెట్టొద్దని చెప్పి వచ్చానని, పన్నెండింటికి లారీ వస్తే మాత్రం వాళ్లు ఆగరని అంది.  నేను పెండ్లికొడుకును ఆన్ చేశాను. ముందు నీళ్ల స్లైడు పెట్టాను. చుక్కలు. స్లైడే తీసేశాను. చుక్కలు. చివరికి కెమెరాను మైక్రోస్కోపు నుంచి ఊడదీసి, దాని మూతికి ప్లాస్టిక్ మూత పెట్టేసి, మూడు సెకన్ల ఫోటో తీశాను. చిమ్మచీకటిని ఫోటో తీస్తే కూడా తెర మీద ఆకుపచ్చ చుక్కలు వచ్చాయి.

అటెండరమ్మ ఒక పారదర్శకమైన పాలిథిన్ షీటు తెచ్చి తెర మీద పరిచింది. స్కెచ్ పెన్నుతో ఒక్కో చుక్క మీద ఒక్కో గీత పెట్టాను. తర్వాత షీటు కదల్చకుండా ఆ వారం తీసిన ఫోటోలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తెరిచాను. ఒకటో గడ, ఐదో గడ, పదో గడ, నీళ్లు, మూత. చుక్కలన్నీ నా గీతల కిందే ఉన్నాయి. ఒక్కటి కూడా అటు ఇటు జరగలేదు. సూక్ష్మజీవులు అన్ని గడల్లోనూ ఒకే వరసలో కూర్చోవు కదా. వేడెక్కిన చిప్పులో కొన్ని గళ్లు, అంటే పిక్సెళ్లు, వెలుతురు పడకపోయినా వెలుగుతాయి. మూడు సెకన్లు ఆగితే ఇంకా బాగా వెలుగుతాయి. బొమ్మను నున్నగా చేసే ఆ సాఫ్ట్‌వేరు వాటి అంచులు అరగదీసి అచ్చం సూక్ష్మజీవుల్లా తయారుచేసింది. తర్వాత కంపెనీ అతనికి ఫోన్ చేస్తే, ముందు మూత పెట్టి ఒక ఫోటో తీసుకుని దాన్ని మిగతావాటిలోంచి తీసివేయాలి సార్, మాన్యువల్లో మొదటి పేజీల్లోనే ఉంది అన్నాడు పాపం. మాన్యువల్ కవరు కూడా నేను విప్పలేదు.

యాభై డిగ్రీల వేడి ఆమె చెరకుకు రోగం లేకుండా చేస్తే, నా గదిలోని వేడి నా కెమెరాకు రోగం తెచ్చిపెట్టింది. ఆమె థర్మామీటరు చూసుకుంటూ నిలబడింది. నేను మా గదిలో ఎంత వేడి ఉందో ఒక్కసారి కూడా చూడలేదు. ఆ థర్మామీటరు నా సొరుగులోనే, ఆమె చుట్టిన దూదిలోనే ఉంది.

అయితే చుక్కలు దొంగవని తేలినంత మాత్రాన తోట మంచిదని తేలినట్టు కాదు. మళ్లీ చూడాలి. గురకదాని పెట్టె టేపు పళ్లతో పీకి తెరిచాను. దాన్ని బిగించాను. అది గుర్రుమంది. ఆ చప్పుడు నాకు అంత కమ్మగా ఎప్పుడూ వినిపించలేదు. ఈసారి రెండు కెమెరాలకూ ఒకే టైం, ఒకే స్లైడ్లు. అప్పటిదాకా ఉక్కగా ఉన్న గదిలో ఇప్పుడు ఏసీ కూడా వేశాను, పొద్దున కాబట్టి నడిచింది. అవి వచ్చిన రోజే చేయాల్సిన పోలికను పదిహేను రోజుల తర్వాత, ఒక తోట పీకల మీదికి వచ్చాక చేస్తున్నాను. ముందు పాత రోగిష్టి స్లైడు పెట్టాను. గురకది దాంట్లో సూక్ష్మజీవులను చూపించింది. చిన్నచిన్న పుల్లల్లా, ఒక్కోటి ఒక్కో దిక్కుకు తిరిగి ఉన్నాయి. తర్వాత మూత ఫోటో. నల్లగా, ఏమీ లేకుండా వచ్చింది. తర్వాత ఆమె పది గడలు.

ఒక్కో స్లైడూ మార్చినప్పుడల్లా ఆమె నా భుజం మీదుగా తెరలోకి తొంగి చూస్తోంది. నల్లగా ఉంది. మళ్లీ నల్లగా ఉంది. నాకు అన్నీ మసకే కాబట్టి, తెరకు మొహం ఆనించి మరీ చూస్తున్నాను. పదో స్లైడు కూడా నల్లగానే ఉంది.

“నిజంగ లేదా,” అని అడిగింది ఆమె, “నా మొకం జూసి లేదంటున్నవా?”

 అన్నేళ్ల ఉద్యోగంలో నన్ను ఎవరూ అలా అడగలేదు. అడగాల్సిన పని లేదని నేను అనుకునేవాణ్ని. రోగిష్టి స్లైడు మళ్లీ పెట్టి, పక్కన ఆమె స్లైడు బొమ్మ పెట్టి, నా మాట నమ్మొద్దు, నీ కళ్లతో నువ్వే చూడు తల్లీ అన్నాను. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత అటెండరమ్మ వైపు చూసింది. అటెండరమ్మ తల ఊపింది. అప్పుడు నమ్మింది.

నా కళ్ల సంగతి కూడా అప్పుడే బయటపడింది. కొత్త రిపోర్టు రాయడానికి కూర్చుని, గీత ఎక్కడుందో కనబడక రెండుసార్లు పేరు గడిలో ఊరు రాశాను. అటెండరమ్మ కాగితం నా చేతిలోంచి తీసుకుని, తాను రాస్తాను, మీరు సంతకం పెట్టండి అంది. ఏడాదిగా స్లైడ్ల మీద నంబర్లు లావు మార్కరుతో ఎందుకు వేస్తోందో నాకు అప్పుడు తెలిసింది. వయసు మీదపడి ఆమె చేతిరాత చెడిపోతోందని నేను లోపల జాలిపడుతూ వచ్చాను.

కార్యదర్శిగారు హైదరాబాద్‌లో ఉన్నారు. ఫోన్ చేసి, పది గడలకు పదకొండని రాశాను, తప్పు నాది, నరకడం ఆపాలి అని చెప్పాను. నేను కూడా పదకొండు అని చదివి సంతకం పెట్టాను కదండీ అన్నారు. ఆయన మంచితనం ఆ పూట నాకు తిట్టు కంటే ఎక్కువ గుచ్చుకుంది.

షేర్ ఆటోలో రైతావిడ, నేను, అల్లం బస్తాలు, ఇంకో ఏడుగురు. అటెండరమ్మ ల్యాబు చూసుకోవడానికి ఆగింది. దారిపొడుగునా ఆమె రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. చేను చేరేసరికి లారీ ముందే వచ్చి ఉంది. జట్టువాళ్లు ఆమె కోసం చూసీ చూసీ నరకడం మొదలుపెట్టారు. నాకు మరాఠీలో వచ్చింది ఒక్కటే ముక్క, థాంబా అంటే ఆగమని. ఆ ముక్కనే అరుచుకుంటూ గట్టు మీద పరుగెత్తి, బోదెలో కాలు జారి, బురదలో కూర్చుండిపోయాను. నన్ను లేపడానికి కత్తులు కింద పెట్టారు కాబట్టి ఆగారు. నా అరుపుకు ఆగారని చెప్పుకోలేను.

ఆరు సాళ్లు పోయాయి. కింద పడి ఉన్న ఆ గడల మధ్య ఆమె నిలబడి ఒకదాన్ని చేత్తో ఎత్తి చూసింది. గుడ్డపీలిక కట్టిన మొదలు దగ్గరిది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. బురదగుడ్డలతో, మరాఠీ కూలీల ముందు, అరవై దగ్గరపడ్డ డాక్టర్ సాబ్.

ఆమె నన్ను ఓదార్చలేదు. ఓదార్చాల్సిన అవసరం ఆమెకు లేదు కదా. తన ఫోన్ నా చేతికిచ్చింది.

“నలుగురికి రోగమున్నదని మీ ల్యాబోళ్లే జెప్పిన్రు గద,” అంది. “లేదని గూడ నువ్వే జెప్పు. నేను జెప్తె నమ్మరు.”

చేను గట్టు మీద కూర్చుని నాలుగు ఫోన్లు చేశాను. మొదటాయనకు, ల్యాబులో ఒక సాంకేతిక లోపం వల్ల అని మొదలుపెట్టాను. ఆమె నా మొహం వైపే చూస్తోంది. మాట మార్చి, లోపం నాదే, కెమెరా సరిగా వాడటం చేతకాక చెప్పాను అన్నాను. రెండో ఆయనకు నీళ్ల సంగతి కూడా చెప్పాను. ఆయన నవ్వాడు. మూడో ఆయన మళ్లీ చెప్పమని ఫోన్ స్పీకరులో పెట్టి ఇంట్లోవాళ్లకు వినిపించాడు. కోహీర్ దగ్గరి నాలుగో ఆయనకు చెప్పేసరికి నాకు అలవాటైపోయి, ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వుతారో కూడా తెలిసిపోయింది. నలుగురూ విత్తనం తీసుకున్నారు. ఆరు సాళ్లు మాత్రం ఆమెకు తిరిగి రాలేదు.

కొనాల్సిన కెమెరా గురించి రిపోర్టులో గురకదాని పేరే రాశాను. పెండ్లికొడుకు చెడ్డదని రాయలేదు. దానికి చల్లని గది, మాన్యువల్ చదివే మనిషి కావాలని, రెండూ మా దగ్గర లేవని రాశాను. కార్యదర్శిగారు ఆ వాక్యం కొట్టేయమన్నారు. కొట్టేయలేదు. మరుసటి నెలలోనే రెండు కళ్లకూ ఆపరేషన్ చేయించుకున్నాను. కట్లు విప్పాక మొదట చూసింది మా ఇంటి గోడల మీద మరకలు.

అప్పటి నుంచి మా ల్యాబులో నీళ్ల స్లైడును ఎవరూ నీళ్ల స్లైడు అనలేదు. పదకొండో గడ అన్నారు. నమూనాలు మూడే వచ్చినా, ముప్పై వచ్చినా, చివరిది పదకొండో గడే. కొత్తగా చేరినవాళ్లు ఎందుకని అడిగితే అటెండరమ్మ నా వైపు చూసి, సార్ చెప్తరు అనేది. నేను చెప్పేవాణ్ని. ఏటా విత్తనం తోటల కాలంలో ఝరాసంగం వైపు నుంచి పది గడలు వచ్చేవి. వాటితో పాటు మూత గట్టిగా బిగించిన ఒక చిన్న సీసాలో బోరు నీళ్లు కూడా వచ్చేవి. దాని మీద పీలిక కట్టి ఉండేది. నేను దానికి కూడా రంగు పట్టించి, చూసి, రిపోర్టులో ప్రత్యేకంగా ఒక గీత రాసేవాణ్ని: పంపిన నీళ్లలో తెగులు లేదు.

సభ అయిపోయాక అందరూ ఫోటోలు దిగుతుంటే ఆ రైతావిడ వచ్చింది. చేతిలో అదే రకం సీసా. కొంచెం పెద్దది. నా చేతికిచ్చింది. చెయ్యి అలవాటుగా పైకి లేచి, సీసాను కిటికీ వెలుతురుకు పట్టుకుంది.

“ఇయ్యాల పరీక్షలేం వద్దు,” అందామె. “తాగు సారూ.”

మూత తీసి తాగాను. బోరు నీళ్లు, కొంచెం చప్పగా ఉన్నాయి. పొద్దుటి నుంచి పొగడ్తలు విని ఎండిపోయిన గొంతుకు హాయిగా అనిపించాయి. వెనక నుంచి అటెండరమ్మ, ఇంకా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే, పదకొండో గడ ఎట్లుంది సార్ అని అడిగింది.

రోగమైతే లేదు అన్నాను.